ఇండక్షన్ స్టవ్ మీద పాలు

నవంబరు 16, శనివారం

ఇది ఎందుకు రాస్తున్నానో ముందు రాసుకోవాలి. సోమవారం మా ఓనర్ పూర్ణచంద్రరావు గారు నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం చదివాక నా జ్ఞాపకం కూడా దానికి తగ్గట్టు సర్దుకుంటుందేమోనని భయంగా ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు ముందే ఇక్కడ పెట్టుకుంటున్నాను. చెప్పుకోవడానికి ఈ గదిలో ఇంకెవరూ లేరు.

మొన్న సోమవారం కావేరి అనే ఆవిడ మా షాపులో ఇండక్షన్ స్టవ్ కొన్నారు. వాళ్లది బాపట్ల. తెనాలిలో చుట్టాలింటికి వచ్చి, వెళ్తూ వెళ్తూ కొన్నారు. అద్దె ఇల్లు మారుతున్నారట, గ్యాస్ కనెక్షన్ కొత్త అడ్రసుకి మారేదాకా దీంతో గడుపుకుందామని. డెమో నేనే ఇచ్చాను. మా షాపులో డెమో ఇచ్చేది నేనే కదా.

బుధవారం తెల్లవారుజామున కొత్త ఇంట్లో పాలు పొంగించారు, ఆ స్టవ్ మీదే. పాలు పొంగి, గాజు మీంచి, బటన్ల మీంచి కారి, పక్కనే ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి పోయాయి. వాళ్ల అత్తగారు సుబ్బాయమ్మ గారు ప్లగ్గు తీయకుండానే తడిగుడ్డతో తుడవబోయారు. షాక్ కొట్టింది. వెనక్కి పడుతూ గిన్నె కూడా లాగేశారు. కుడి మణికట్టు విరిగింది. పాదం మీద పాలు పడి కాలింది.

నిన్న కావేరి గారి భర్త మధుసూదన్ గారు ఫోన్ చేస్తే మాకు తెలిసింది. ఓనర్ గారు స్పీకర్‌లో పెట్టారు. నేను కౌంటర్ దగ్గరే ఉన్నాను.

"నేను గొడవకి రాలేదండి. మా ఆవిడకి మీ వాళ్లు అన్నీ చెప్పారా లేదా, అదొక్కటి కావాలి నాకు. చెప్పారంటే చెప్పారని రాసివ్వండి. ఇంట్లో మూడు రోజుల నించి ఇదే రామాయణం. అమ్మేమో కోడలు చెవిన పెట్టలేదంటది, ఈవిడేమో నోరు తెరవదు."

"చెప్పకుండా ఎలా ఉంటామండీ? మా అమ్మాయి బీఎస్సీ. ఫిజిక్సు" అన్నారు ఓనర్ గారు.

మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. ఆ మాట ఎక్కడ విన్నా కడుపు నిండేది. నిన్న నిండలేదు.

నేను అన్నీ చెప్పాను.

నవంబరు 17, ఆదివారం

షాపుకి సెలవు. పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం పాలప్యాకెట్ కోసం కిందికి దిగి "ఒకటివ్వండి" అన్నాను. ఇవాళంతా నా మాట అదే.

ఆ పాలు స్టవ్ మీద పెట్టి, పొంగేదాకా పక్కనే నిలబడ్డాను. అంచు దాకా వచ్చాక గబుక్కున తీసేశాను. అది ఎంత తొందరగా వస్తుందో! గ్యాస్ మీద అయితే కాస్త గడువు ఇస్తుంది. దీని మీద ఇవ్వదు. ఈ సంగతి నాకు తెలుసు. డెమోలో రోజూ చెప్తాను.

ఏమేం చెప్తానో ఒకసారి రాస్తాను. ముందు గిన్నె అడుగుకి అయస్కాంతం అంటించి చూపిస్తాను, అంటుకుంటేనే స్టవ్ ఒప్పుకుంటుందని. తర్వాత స్టవ్‌కీ గిన్నెకీ మధ్య న్యూస్‌పేపర్ పెట్టి నీళ్లు మరిగిస్తాను. పేపర్ కాలదు, జనం "ఓహో" అంటారు. ఇది నేను షాపులో చూపిస్తున్నాను, మీరు ఇంట్లో చేయొద్దని అంటాను. గోడలో పవర్ ప్లగ్గుకే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు అంత కరెంటు మోయలేదు, కరిగిపోతుంది. కింద ఫ్యాన్ గాలి పీల్చుకోవాలి కాబట్టి గోడకి ఆనించొద్దు, కింద గుడ్డలూ ఆయిల్‌క్లాతులూ పరవొద్దు. ఖాళీ గిన్నె పెట్టి ఆన్ చేయొద్దు. వంటయ్యాక వెంటనే స్విచ్ పీకేయొద్దు, ఫ్యాన్ తిరిగి చల్లారనివ్వాలి. మంట లేదు కదా అని గాజు మీద చెయ్యి వేయొద్దు, గిన్నె వేడి దానికి ఎక్కి ఉంటుంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టర్‌ని అడిగాకే వాడాలి. ఏదైనా ఒలికితే ముందు ప్లగ్గు, తర్వాతే గుడ్డ.

చూశావా, అన్నీ చెప్తాను.

నవంబరు 18, సోమవారం

కాగితం వచ్చింది. అకౌంట్సు చూసే మనోజ్ టైప్ చేశాడు. పేజీలో మూడొంతులుంది. అసలు మాటలు రెండే: "ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడరాదని చెప్పాను. పాలు మొదలైనవి స్టవ్ పైకి పొంగకుండా చూసుకోవాలని కస్టమర్‌కి స్పష్టంగా చెప్పాను."

"చదువుకున్నావుగా, చూసుకుని పెట్టు" అన్నారు ఓనర్ గారు.

"రేపు పెడతానండి."

"రేపేంటమ్మా? అందులో తప్పేముంది?"

"ఏం లేదండి. ఒకసారి చూసుకుంటాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. ఒక పని చెయ్. బుధవారం బాపట్ల వెళ్లి ఆ ముసలావిడని పరామర్శించి రా. పళ్లు తీసుకెళ్లు. పనిలో పనిగా ఆ స్టవ్‌కి నాలుగు ఫొటోలు తీసుకో. బాక్సు కూడా కనపడాలి. బాక్సు బాగా కనపడాలి."

మొదటి మాట నిజమే. బాక్సు సంగతి నేను కచ్చితంగా చెప్పాను. చెప్పానని ఒట్టు పెట్టగలను.

నవంబరు 19, మంగళవారం

రెండు స్టవ్‌లు అమ్మాను. డెమోలో ఒలకడం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాను.

నవంబరు 20, బుధవారం

బాపట్ల వెళ్లొచ్చాను. డిగ్రీ మూడేళ్లూ ఆ ఊళ్లోనే చదివినా, ఇవాళ స్టేషన్లో దిగితే కొత్త ఊరిలా ఉంది.

సుబ్బాయమ్మ గారు మంచం మీద ఉన్నారు. చేతికి కట్టు, కాలికి కట్టు. నోటికి మాత్రం లేదు.

"రామ్మా రా. నువ్వేనా ఆ స్టవ్ అమ్మాయివి? పేరేంటి?"

"ముబీనా అండి."

"తురకల పిల్లవా? ఎంత చక్కగా మాట్లాడతన్నావు! కూర్చో. చూశావా నా వాలకం? కొత్త ఇంట్లో లచ్చిందేవి వస్తదని పాలు పెడితే నా చెయ్యి పోయింది. నా ఇత్తడి గిన్నెని ముట్టుకోనని మొరాయించింది ఆ స్టవ్. అప్పుడన్నా మానేద్దామంటే వినిద్దా? స్టీలు గిన్నె పెట్టింది మా కోడలు."

కావేరి గారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. షాపులో చూసినప్పటికంటే సన్నగా ఉన్నారు. నన్ను చూసి చిన్నగా తలూపారు.

"పొయ్యి ఆగ్నేయంలో ఉండాలా వద్దా?" సుబ్బాయమ్మ గారు నన్నే అడిగారు. "ఆ మూల ప్లగ్గు లేదు. బాక్సు తెచ్చి పెట్టమన్నాను. 'షాపులో వద్దన్నారత్తయ్యా' అని అనకపోలేదులే, ఒకసారి అంది. మరి ఈ పాల సంగతి కూడా చెప్పారంటగా? అది మాత్రం నాతో ఒక్క ముక్క అంటే ఒట్టు! తెలిసి తెలిసి ఎవరన్నా ముసల్దాని చేత..."

ఆమె చెప్పడం ఆపి నా మొహంలోకి చూశారు, అవునని అంటానేమోనని. నేను సంచిలోంచి పళ్లు తీసి స్టూలు మీద పెట్టాను. ఒక్కొక్కటే పెట్టాను.

స్టవ్ వంటింట్లో గట్టు కింద ఉంది. ఫొటోలు తీస్తుంటే కావేరి గారు పక్కకొచ్చి అడిగారు. "తుడిచి ఆరబెట్టానండి. నిన్న చిన్న ప్లగ్గుకి పెట్టి చూస్తే లైటు వెలిగింది. మళ్లీ వాడుకోవచ్చా? ఎవరింట్లోనో గ్యాస్ అడిగి వండుకుంటున్నాం, ఎన్నాళ్లని అడుగుతాం."

గాజు మీద వెంట్రుకంత పగులు ఉంది, ఆ చివర నుంచి ఈ చివరకి. వేలు పెడితే తగిలింది. పగిలిన గాజులోంచి తడి లోపలికి దిగితే పైనున్న గిన్నెకే కరెంటు వస్తుంది.

"వద్దక్కా. అసలు వద్దు. ప్లగ్గే పెట్టొద్దు" అన్నాను. గట్టిగా అన్నాను. ముందు గదిలో సుబ్బాయమ్మ గారు "ఏంటమ్మా?" అని అరిచారు.

వైరు స్టవ్ చుట్టూ చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, దాని మీద "వాడకూడదు" అని నేనే పెన్నుతో రాశాను.

వచ్చేస్తుంటే కావేరి గారు గేటు దాకా వచ్చారు. మెల్లిగా అన్నారు. "నేను ఆ రోజు మిమ్మల్ని ఒకటి అడిగాననుకుంటున్నాను. అడిగానో, అడగాలనుకుని మర్చిపోయానో. మీకు రోజూ ఎంతమందో వస్తారు, మీకెక్కడ గుర్తుంటుందిలెండి. నిన్న ఇంట్లో నాదే తప్పని ఒప్పేసుకున్నాను. అప్పటినించి కాస్త సద్దుమణిగింది."

నాకు రైలు టైమైందని చెప్పాను. ఇంకా గంటన్నర ఉంది. స్టేషన్లో కూర్చున్నాను.

నవంబరు 21, గురువారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. ఫొటోలు పంపాను. బాక్సు బాగా కనపడుతోందని ఓనర్ గారు మెచ్చుకున్నారు.

నవంబరు 22, శుక్రవారం

రాస్తాను.

11వ తేదీ, సోమవారం. మధ్యాహ్నం మూడు. నా చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లు. డెమో అయిపోయింది. బిల్లు కూడా అయింది. కావేరి గారు పెట్టె చేతిలో పట్టుకుని వెనక్కి వచ్చారు.

"ఏమండీ, ఇంకొక్కటి. ఎల్లుండే కొత్తింట్లో చేరతాం. దీని మీద పాలు పొంగించొచ్చా?"

అడిగారు. మర్చిపోలేదు. ఇంకెంత స్పష్టంగా అడగాలి ఆవిడ?

పాలు పొంగించడమంటే ఏంటో నాకు తెలియదని ఎవరైనా అనుకోవచ్చు, మా ఇళ్లలో లేదు కాబట్టి. ఈ వారం రోజులూ నేనూ అలా అనుకుందామని చూశాను. కుదరలేదు. నేను పెరిగిన వీధిలో ఎవరు ఇల్లు మారినా ఆ పాలతో వండిన పరమాన్నం మాకూ వచ్చేది. గిన్నె అంచు దాటి కిందికి కారితేనే శుభమని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కారితే ఈ స్టవ్ ఏమవుతుందో కూడా తెలుసు. రెండూ తెలిసినదాన్ని ఆ షాపులో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"వద్దక్కా, ఆ ఒక్కదానికి పక్కింటి గ్యాస్ వాడుకోండి" అంటే సరిపోయేది. నాలుక చివరే ఉంది.

పోయిన ఏడాది ఒకావిడ పెళ్లికూతురికని స్టవ్ కొంటూ, గాజు మీద పసుపూ కుంకుమా పెట్టి కర్పూరం వెలిగించొచ్చా అని అడిగింది. గాజు మీద కర్పూరం వెలిగించొద్దండి అన్నాను. పక్కనున్న పెద్దావిడ నా మెడలో బ్యాడ్జీ మీద పేరు చూసింది. "శుభమా అని కొంటుంటే ఈ పిల్లేంటి అడ్డం పలుకుతుంది? మీకు ఇంకో అమ్మాయి లేదా?" అంది. కొనకుండా వెళ్లిపోయారు. ఆ రోజు ఓనర్ గారు తిట్టలేదు. "నీ మీద నాకేం లేదమ్మా. కానీ మంచీ చెడ్డా మాటలొచ్చినప్పుడు నువ్వు అవుననే అను. నీ నోట వద్దు అని రావద్దు. అర్థమైందిగా" అన్నారంతే.

అర్థమైంది. అందరికంటే బాగా అర్థం చేసుకున్నాను. బీఎస్సీ కదా.

అందుకని కావేరి గారితో నవ్వుతూ అన్నాను, "శుభంగా పొంగించుకోండక్కా" అని.

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఒకావిడ "ఎంత బాగా అంది!" అంది. నాకు సంతోషమేసింది. అది కూడా రాయాలి. ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను.

నవంబరు 24, ఆదివారం

రేపల్లె వెళ్లాను, అబ్బా అమ్మీల దగ్గరికి. పొద్దున రైలుకి వెళ్లి సాయంత్రం వచ్చేశాను. అబ్బా వాకిట్లో ఎవరిదో గ్యాస్ స్టవ్ విప్పుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. నా స్టవ్‌లు వచ్చి అతని స్టవ్‌లని తినేస్తున్నాయని నన్ను ఏడిపిస్తుంటాడు.

"ఏంటి బేటీ, చెప్పకుండా వచ్చావు? మీ షాపు మూసేశారా? అల్లా నా మొర విన్నాడా?"

నవ్వాను. అన్నం తిన్నాక సంచిలోంచి సంతకం పెట్టని ఆ కాగితం పడింది. నేనే పడేశానో, పడిందో.

"అదేంటి? చదువు" అన్నాడు. మా ఇంట్లో కాగితం ఏదొచ్చినా నేను చదవాలి. రెండో క్లాసు నించీ అదే పద్ధతి. కరెంటు బిల్లు, రేషన్ కాగితం, అమ్మీ ఆస్పత్రి చీటీ. నేను చదివి చెప్తే తప్ప అబ్బా దేని మీదా వేలు వేయడు.

చదివాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు దాకా చదివి, రెండో వాక్యం వదిలేసి, చివర తేదీ చదివి మడతపెట్టాను.

అబ్బా బర్నర్ రంధ్రాల్లో సూది గుచ్చుతూ, తలెత్తకుండానే అన్నాడు. "అంత కాగితంలో అంతేనా ఉంది?"

"అంతే."

"నాకు అక్షరాలు రావు గానీ లైన్లు లెక్కపెట్టడం వచ్చు బేటీ. ఇన్నేళ్లలో నువ్వెప్పుడూ తక్కువ చదవలేదు."

అప్పుడు మొత్తం చెప్పాను. అమ్మీ గిన్నెలు కడుగుతున్నది ఆగిపోయింది. అబ్బా సబ్బునురగ పూసి స్టవ్ పైపు పరీక్షించాడు. బుడగ రాలేదు. మళ్లీ పూసి మళ్లీ చూశాడు.

"సంతకం పెట్టకపోతే?" అన్నాడు.

"ఉద్యోగం పోవచ్చు."

"ఉద్యోగం పోతే గది పోద్ది. గది పోతే ఇక్కడికొస్తావు. ఇక్కడికొస్తే మీ అమ్మ పెళ్లి మాట ఎత్తుద్ది. నేనూ ఎత్తుతాను, అబద్ధమెందుకు. అన్నీ చూసుకుని చెయ్. నేను పెట్టమననూ పెట్టొద్దననూ. చదివేది నువ్వు."

స్టేషన్ దాకా సైకిల్ నడిపించుకుంటూ నా పక్కనే వచ్చాడు. రైలు కదిలేదాకా ఉన్నాడు.  

నవంబరు 25, సోమవారం

పెట్టలేదు.

ఒక తెల్లకాగితం మీద నేను అన్న మాట ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. ఓనర్ గారు నిలబడే చదివారు. కోప్పడతారనుకున్నాను. కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించారు. దానికే భయమేసింది.

"ఇది బయటికి పోతే నీకే చెడ్డపేరమ్మా. తెలిసి చెప్పలేదంటే ఏమంటారో ఆలోచించావా? అందులోనూ నీ పేరు చూసి ఏమంటారు?"

"ఆలోచించానండి."

"ఆ పిల్ల ఒప్పుకుందంటగా తనదే తప్పని? వాళ్ల ఇంట్లో గొడవ చల్లారింది. నువ్వెందుకు మళ్లీ వెలిగిస్తావు?"

నేను రాసిన కాగితం ఆయన సొరుగులో పెట్టారు. శుక్రవారం పొద్దున షాపు తరఫున కాగితం మధుసూదన్ గారికి వెళ్తుంది. మొదటిదే. డెమో ఇచ్చింది మనోజ్ అని మార్చి, మనోజ్ సంతకంతో. మనోజ్ నా వైపు చూడకుండా "సారీ" అన్నాడు.

నన్ను ఈ నెలాఖరుకి మానెయ్యమన్నారు.

నవంబరు 26, మంగళవారం

కావేరి గారికి రాసి పోస్టులో వేస్తే అత్తగారి చేతిలో పడుతుంది. ఫోనుకే పంపాలి. వారంటీ కార్డు మీద కావేరి గారి నంబరు ఉంది. ముందు ఇక్కడ రాసి చూసుకుంటాను. నాలుగుసార్లు కొట్టేశాను. ఇది అయిదోది.

కావేరి అక్కా,

నేను ముబీనాని, స్టవ్ డెమో ఇచ్చిన అమ్మాయిని. దీని మీద పాలు పొంగించొచ్చా అని మీరు నన్ను అడిగారు. మర్చిపోలేదు, సరిగ్గానే అడిగారు. పెట్టె పట్టుకుని వెనక్కొచ్చి మరీ అడిగారు. పొంగి బటన్ల మీద పడితే ప్రమాదమని నాకు తెలుసు. తెలిసీ, శుభకార్యానికి వద్దని నా నోటితో అనడానికి భయపడి "పొంగించుకోండి" అన్నాను. బాక్సు వద్దని చెప్పాను. పాల సంగతి చెప్పలేదు. మీరు వినకపోవడం కాదు, నేను చెప్పకపోవడం. మీ ఇంటికి వచ్చిన రోజు మీ అత్తగారి ముందు ఇది చెప్పలేకపోయాను. గేటు దగ్గర మీరన్న మాటకి కూడా బదులివ్వలేదు.

శుక్రవారం పొద్దున మీ ఆయనకి మా షాపు నుంచి ఒక కాగితం వస్తుంది. మీకు అన్నీ చెప్పినట్టు మనోజ్ అనే అతని సంతకం ఉంటుంది. ఆ రోజు మనోజ్ మీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

దానికంటే ముందే నేను బాపట్ల వచ్చి, మీ అత్తగారి ముందూ మీ ఆయన ముందూ కూర్చుని ఇదంతా నా నోటితో చెప్తాను. వాళ్లు నన్ను ఏమన్నా పడతాను. కానీ మీరు ఇప్పటికే తప్పు మీ మీద వేసుకుని ఇల్లు చక్కబెట్టుకున్నారు. నేను వస్తే అది మళ్లీ చెదురుతుందేమో, మీకు మేలవుతుందో కీడవుతుందో నాకు తెలియదు. అందుకే అడుగుతున్నాను. మీరు వద్దంటే రాను. ఈ మెసేజ్ మాత్రం దాచుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూపించండి.

రమ్మంటారా, వద్దంటారా? ఒక్క మాట చాలు. 28వ తేదీ, గురువారం మధ్యాహ్నం లోపు చెప్పండి. సాయంత్రం రైలు అందుకోవాలి.